తిరగేసిన మొరవ

మా క్లాసులో జీటీ కొట్టకుండా డ్రాయింగ్ షీట్లన్నీ సొంతంగా గీసింది నేనొక్కదాన్నే. గొప్ప కోసమే చెబుతున్నాను. గొప్పగా చెప్పుకోవడానికి అప్పటికి మా ఇంట్లో ఇంకేమీ మిగిలి లేదు.

జీటీ అంటే ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చదవనివాళ్ళ కోసం చెబుతాను. హాస్టల్లో ఒక కిటికీ అద్దం ఊడదీసి రెండు కుర్చీల మధ్య పడుకోబెడతారు. కింద టేబుల్ లైటు వెలిగిస్తారు. అద్దం మీద సీనియర్ గీసిన షీటు పెట్టి, దాని మీద కొత్త షీటు పరిచి క్లిప్పులు తగిలిస్తే కింది గీతలన్నీ పైకి కనబడతాయి. వాటి వెంబడి పెన్సిల్ నడిపితే చాలు. వారమంతా బోర్డు ముందు నిలబడి గీయాల్సిన బొమ్మ ఒక్క పూటలో తయారవుతుంది. గ్లాస్ ట్రేసింగ్ అనే మాటను కుదించి జీటీ అనేవారు. అది తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. మంచి షీట్లు ఏటేటా చేతులు మారేవి. ఎవరి దగ్గర మంచి షీట్లు ఉంటే వాడికి మెస్సులో మర్యాద, టీ అంగడి దగ్గర మర్యాద.

ఆ అద్దం మగపిల్లల హాస్టల్లో ఉండేది. అవి ఎనభైల మొదటి ఏళ్ళు. తిరుపతి యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్‌కు మా బ్యాచిలో చేరిన ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, నాయుడుపేట నుంచి వచ్చిన నా రూమ్మేటూ. మేము ఆ హాస్టల్ గేటు దాటకూడదు. ఆడపిల్లకు జీటీ షీటు కావాలంటే ఎవరో ఒక అబ్బాయిని అడగాలి. అడిగేటప్పుడు కొంచెం నవ్వాలి. ఇచ్చిన తర్వాత మరికొంచెం నవ్వాలి. నా రూమ్మేటు హాయిగా నవ్వేది, తెచ్చుకునేది, మరుక్షణం మరిచిపోయేది. అందులో దానికి ఏ చిన్నతనమూ కనబడేది కాదు. నాకు కనబడేది. కాబట్టి డ్రాయింగ్ హాల్లో బోర్డు ముందు నిలబడి, కొలతల కాగితం పక్కన పెట్టుకొని, మొదటి గీత నుంచి చివరి గీత దాకా నేనే గీసుకునేదాన్ని. నిజాయితీ వల్ల అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఒకరి దగ్గర చేయి చాచడం మా ఇంట్లో నేర్పలేదు, అంతే.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. వడమాలపేటకు అవతల, కొండల వైపు, కొన్ని ఊళ్ళు ఒకప్పుడు మావాళ్ళవి. నేను పుట్టేనాటికి ఊళ్ళూ లేవు, భూములూ లేవు. కోర్టులో వ్యాజ్యాలు కూడా ముగిసిపోయాయి, గెలిచి కాదు, నడిపే శక్తి లేక. చిత్తూరులో ఒక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాయన బెల్లం మండీలో కాటా దగ్గర కూర్చునేవాడు. పాతకాలంలో మా బండ్లు అదే మండీలో బెల్లం దించి వెళ్ళేవట. నాయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె కట్టుకొని, ఉత్తరీయం వేసుకొని, బెల్లం జిగురు మధ్య ఒక్క మరక అంటకుండా సాయంత్రం దాకా నిటారుగా కూర్చునేవాడు. మండీలో కొందరు ఆయన్ను ఎగతాళికి "దొరా" అని పిలిచేవారు. ఆయన "చెప్పండి" అని పలికేవాడు, అది తనకు రావలసిన పిలుపే అన్నట్టు. కొన్నాళ్ళకు వాళ్ళకే ఎగతాళి చేయడం మరిచిపోయి ఆ పిలుపు అలవాటైపోయింది.

నాయన వాళ్ళ అమ్మను జేజి అనేవాళ్ళం. జేజి గోడకు ఆనుకొని కూర్చోవడం నేను చూడలేదు. ఒకసారి నేను ఆనుకుంటే, "గోడేమన్నా మన సుట్టమా పాపా, ఆనుకునేదానికి?" అంది.

ఇంట్లో కాలాన్ని బట్టి నడుచుకున్నది పెదనాయన ఒక్కడే. తిరుమల కొండ మీద అంగడి పెట్టుకొని నిలదొక్కుకున్నాడు. నా చదువు ఖర్చు ఆయనదే. అందుకని మాట కూడా ఆయనదే. నాకు సివిల్లో సీటు వచ్చిందని తెలిసి కొండ దిగి మా ఇంటికి వచ్చాడు.

"ఆడబిడ్డకు బి.ఎడ్డు సదివితే సాలు గదా పాపా. ఈ సివిలేంది? ఎండలో మేస్త్రీల ఎంట తిరిగేదానికా?"

"కట్టేదానికి పెదనాయనా."

"ఏం కడతావు?"

"చెరువులు."

ఆయన పగలబడి నవ్వాడు. "ఉన్న చెరువులు పోగొట్టుకున్నోళ్ళం మనం. నువ్వు కొత్తవి కడతావా!"

లోపలి గదిలో నుంచి జేజి అంది: "పోగొట్టినోళ్ళు మగోళ్ళు. దాన్ననేదేందికి?"

పెదనాయన నవ్వు ఆగింది. కాసేపు ఆలోచించి, "సరే, సదవనీ. అయితే ఒక్క ఏడు తప్పినా మళ్ళా నన్నడగొద్దు. పెట్టె సర్దుకొని ఇంటికొచ్చేయాల" అన్నాడు.

"తప్పను" అన్నాను.

ఈ ఒప్పందం మీదనే నేను తిరుపతిలో ఉన్నాను. ఒక్క ఏడాది పోతే నా చదువు పోయినట్టే. దీన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినది అర్థమవుతుంది.

మూడో ఏడాది ఇరిగేషన్ డ్రాయింగులో మాకు చెరువు మొరవ గీయమని ఇచ్చారు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు కట్ట తెగకుండా బయటికి దూకి పోవడానికి కట్టే గోడను మా వైపు మొరవ అంటారు. అంత నీరు అంత ఎత్తు నుంచి పడితే నేల గుంట పడుతుంది. గుంట పెరిగి గోడ కాళ్ళ కిందికి వస్తే మొరవ కూలుతుంది. అందుకని నీళ్ళు దూకే వైపున పెద్ద రాళ్ళతో పరుపు వేస్తారు. మొరవలో తెలుసుకోవాల్సిన విషయం చాలావరకు ఇదే. మొదటి షీట్లో మొరవను నిలువుగా కోసినట్టు చూపాలి. రెండో షీట్లో పైనుంచి చూస్తే కనబడేట్టు, అంటే ప్లాను, గీయాలి.

ఆ రెండు షీట్లూ నేను ఇష్టంగా గీశాను. గోడ మందం, రెండు పక్కలా చాచిన రెక్క గోడలు, రాతి పరుపు, అన్నీ కాగితం మీద ఒక్కొక్కటే లేచి నిలబడుతుంటే, కొండల అవతల మా చేతుల్లో నుంచి జారిపోయినవాటిలో ఒకదాన్ని నేను మళ్ళీ కడుతున్నట్టుండేది. ఎవరి పేరూ అడగకుండా, ఎవరి సంతకమూ లేకుండా.

కానీ సంతకం కావాలి. డ్రాయింగ్ హాల్లో సార్ బల్ల దగ్గర వరుసలో నిలబడి షీట్లు చూపించాలి. ఆయన చూసి ఎర్ర పెన్సిల్‌తో సంతకం పెట్టి మార్కులు వేస్తారు. అన్ని షీట్ల మీదా సంతకాలు ఉంటేనే ఆఫీసులో హాల్ టికెట్టు ఇస్తారు. హాల్ టికెట్టు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టు.

మా డ్రాయింగ్ సార్ చెడ్డవాడు కాదు. స్కేలు లేకుండా నల్లబల్ల మీద నిలువు గీత గీస్తే మేస్త్రీ దారానికి గుండు వేలాడదీసినట్టుండేది. ఆయన ముఖ్యంగా చూసేది అంచు గీత, అక్షరాలు, శుభ్రం. మిగతాదానికి మోడల్ షీటు ఒకటి బీరువాలో ఉండేది. ఎప్పటిదో ఒక బ్యాచిలో బాగా గీసేవాడు గీసిందట. దాన్ని బల్ల మీద పరిచి పెట్టుకొని, దానికీ మా షీటుకూ ఒక చూపు అటూ ఒక చూపు ఇటూ వేసి సంతకం పెట్టేవారు.

నా వంతు వచ్చింది. మొదటి షీటు మీద సంతకం పడింది. రెండోది విప్పగానే పెన్సిల్ ఆగింది.

"ఏమ్మా, ఇదేంది?"

"మొరవ ప్లాను సార్."

"అది నాకూ తెలుసు. తిరగబడిండాది చూడు."

"తిరగబడలేదు సార్."

ఆయన మోడల్ షీటును నా ముందుకు జరిపారు. "ఇదో. రాళ్ళు యాడుండాయి? నీ దాంట్లో యాడుండాయి?"

అప్పుడే నేను ఆ మోడల్ షీటును దగ్గర నుంచి చూశాను. ఎడమ వైపున చక్కటి అక్షరాలతో 'చెరువు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. రాతి పరుపు కూడా ఎడమ వైపే ఉంది.

"నీళ్ళు దూకే వైపు ఉండాలి సార్ రాళ్ళు. నా దాంట్లో ఆడనే ఉండాయి. ఈ షీట్లో చెరువు లోపలుండాయి."

వరుసలో వెనక నుంచి ఎవడో అన్నాడు: "చేపలకు మెట్లప్పా అవి!"

హాలంతా గొల్లుమంది. సార్ ముఖం ఎర్రబడింది. నవ్వించింది వెనకవాడు, కానీ ఆయన చూసింది నన్ను.

"అంటే క్లాసంతా తప్పు, నువ్వొక్కదానివి రైటా?"

"అవును సార్."

క్షమించండి సార్, ఇంకొకసారి చూడండి, నా పొరపాటేమో అని అనవచ్చు. ఇంకెవరైనా అనేవారే. ఆ వాక్యం నాకూ తెలుసు. అది నోటిదాకా రాలేదు, రమ్మని నేను పిలవనూ లేదు.

ఆయన నా షీటును పక్కకు తోశారు. "పోయి అందరి మాదిరి గీసుకొని రా. వచ్చేటప్పుడు సారీ చెప్పేదానికి నోరు గూడా తెచ్చుకో. అంతవరకూ సంతకం లేదు."

షీటు చుట్టుకొని హాలు మధ్యలో నుంచి నడిచి బయటికి వచ్చాను. పక్క దారి కూడా ఉంది.

రూమ్మేటు నా వెనకే పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని షీటు మీద అప్పటికే సంతకం పడింది. "ఏంది మే నువ్వు? సరే సార్ అని ఒక్క మాట అంటే నోరేమైనా కాలిపోద్దా?" అని దారి పొడుగునా తిడుతూనే ఉంది.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాం. మధ్యాహ్నపు ఎండ కిటికీలో నుంచి లోపలికి కొడుతోంది. నా మీద నాకు అనుమానం లేదు, కానీ క్లాసులో ఇంతమందిదీ ఒకే రకంగా ఎలా తప్పయింది అన్నది మాత్రం తెగలేదు. ఒక్కడు తప్పు గీస్తే ఒక చోట తప్పుతాడు. ఇందులో ఒక్క చోట కాదు, ప్లాను మొత్తం అటుది ఇటు అయింది. రూమ్మేటు షీటును కిటికీకి ఆనించి పట్టుకొని, నా షీటును దాని మీద పెట్టి చూశాను. ఏమీ కలవలేదు. విసుగొచ్చి నా షీటును వెనక్కి తిప్పి పెట్టాను. గోడ గోడ మీద పడింది. రెక్క రెక్క మీద పడింది. రాళ్ళు రాళ్ళ మీద పడ్డాయి. అక్షరాలు తప్ప ఒక్క గీత కూడా పక్కకు పోలేదు.

"ఇట్టా చూడవే" అన్నాను.

అది వచ్చి చూసింది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఏదో ఒక ఏడాది, ఎవడో ఒకడు, అద్దం మీద సీనియర్ షీటును బోర్లా పెట్టాడు. లైటు వెలుగులో గీతలు ఎటైనా గీతల్లాగే కనబడతాయి. అక్షరాలు తిరగబడి కనబడే ఉంటాయి, కానీ జీటీలో అక్షరాలు ఆఖరికి వదిలేస్తారు. బొమ్మ అంతా అయ్యాక, నిలువు కోత చూపిన మొదటి షీటు చూసుకుంటూ, దాంట్లో చెరువు ఎడమకు ఉంది కాబట్టి దీంట్లోనూ ఎడమకే చెరువు అని రాసుకున్నాడు. చేయి మంచిది కాబట్టి ఆ షీటు అందంగా వచ్చింది. అందంగా వచ్చింది కాబట్టి మోడల్ అయింది. ఆ తర్వాత ఎన్ని బ్యాచీలు మొరవ గీశాయో అన్ని బ్యాచీలూ చెరువు లోపల రాళ్ళు పరిచాయి. నీళ్ళు దూకే చోట మట్టి వదిలేశాయి. అలా గీసి పాసై, ఉద్యోగాల్లోకి పోయారు.

నా రూమ్మేటు మంచం మీద పడి కడుపు పట్టుకొని నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆపి లేచి కూర్చుంది.

"ఈ సంగతి ఎవురికీ చెప్పబాక మే. చెప్తే నాది గూడా మళ్ళా గీయాల."

చెప్పబాక అన్నది అదే, సాయంత్రానికి క్లాసంతా చెప్పింది కూడా అదే.

మరుసటి రోజు నేను డ్రాయింగ్ హాల్లో ఉండగా మా క్లాసు రెప్రజెంటేటివ్ వచ్చాడు. పుత్తూరు వైపు అబ్బాయి, నెమ్మదైనవాడు, అందరి పనులూ నెత్తిన వేసుకునేవాడు. వాడి వెనక తలుపు దగ్గర ఇంకో నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. వాడు నా బోర్డు మీద ఒక షీటు విప్పాడు. కొత్తగా జీటీ కొట్టిన మొరవ ప్లాను. కింద మూలలో నా పేరు, నా నంబరు కూడా నీటుగా రాసి ఉన్నాయి.

"ఏమండీ, మీకు శ్రమ లేకుండా పేరు గూడా రాసేసినాము. తీసుకుపోయి ఇస్తే సార్ సంతకం పెట్టేస్తాడు. సారీ అనేది మెల్లగా అన్నా సాలు. ఫ్యాను శబ్దంలో ఆయనకు యాడ ఇనబడతాది?"

"ఇది తప్పని మీకు తెలుసా?"

"తెలుసునండీ. మీ రూమ్మేటు చెప్పింది గదా."

"తెలిసే ఇస్తున్నారా?"

"ఇప్పుడు మొరవ మనమేమన్నా కట్టబోతామా? సంతకం కావాల. అంతే గదండీ."

"నేను కట్టబోతాను."

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. వాడు నవ్వలేదు. గొంతు తగ్గించి అన్నాడు: "ఇది బయటపడితే క్లాసంతా మళ్ళా గీయాలండీ. పరీక్షలు నెత్తి మీదుండాయి. మీ ఒక్కరి కోసరం అందర్నీ ముంచుతారా?"

"ముంచింది నేను కాదు. మీ అద్దం."

"దొరసానికి నచ్చజెప్పేది మా వల్ల కాదప్పా" అని తలుపు దగ్గర నుంచి ఒకడు గట్టిగానే అన్నాడు. నేను నాయన లాగా పలకలేదు. రబ్బరు తీసుకొని, వాళ్ళు రాసిన నా పేరూ నంబరూ కాగితం మీద మరక కూడా లేకుండా చెరిపి, షీటు చుట్టి వాడి చేతికిచ్చాను. చెరపడం కూడా బాగా వచ్చు నాకు.

ఆ మధ్యాహ్నం నా షీటు తీసుకొని సార్ గదికి వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉన్నారు.

"సారీ చెప్పేదానికి వచ్చినావా?"

"లేదు సార్. మీ మోడల్ షీటు ఒకసారి కిటికీకి పట్టి చూడండి."

"నాకు పని చెప్తావా నువ్వు?"

నేను కిటికీ దగ్గరికి పోయి నా షీటును వెనక్కి తిప్పి అద్దానికి ఆనించి పట్టుకున్నాను. గీతలు వెలుగులో నల్లగా కనబడుతున్నాయి. ఆయన ఏదో రాసుకుంటూ కూర్చున్నారు. నేను నిలబడ్డాను. చేతులు లాగడం మొదలైంది. దించలేదు. ఎత్తి పట్టుకున్నది దించాక మళ్ళీ ఎత్తినా లాభం ఉండదని నాకు అనిపించింది. చివరికి కుర్చీ కదిలిన చప్పుడయింది. ఆయన బీరువా తెరిచారు. మోడల్ షీటు తెచ్చి నా షీటు మీద పెట్టారు. మూలలు సరిచేశారు. వేలితో గోడ వెంబడి నడిచారు, రెక్క వెంబడి నడిచారు, రాళ్ళ దగ్గర ఆగారు.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నారు.

"ఎవురూ చెప్పలేదు సార్."

ఆయన వెళ్ళి కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ షీటును ఎదురుగా పెట్టుకొని ఎంతమందికి పెట్టినానో సంతకాలు" అని తనలో తానే అనుకున్నారు. తర్వాత గొంతు మార్చి అన్నారు: "సరే. ఆ సారీ సంగతి వదిలిపెట్టు. నీ షీటు ఈడ పెట్టు, సంతకం పెడతా. అయితే ఈ మాట ఈ గది దాటగూడదు."

పెట్టేస్తే అయిపోయేది. పెన్సిల్ ఆయన చేతిలోనే ఉంది.

"నేను ఎవురికీ చాటను సార్. కానీ ఎవరన్నా అడిగితే ఉండేది చెప్తాను."

"ఎవురూ అడగరు."

"అడగరని నేను మాట ఇయ్యలేను సార్."

ఆయన పెన్సిల్ బల్ల మీద పడేశారు. "పో. బయటికి పో."

షీటు అక్కడే ఉండిపోయింది. సంతకం లేదు. హాల్ టికెట్లు ఇవ్వడం అప్పటికే మొదలైంది.

ఆదివారం చిత్తూరు బస్సెక్కాను. ఏడాది పోవచ్చని ఇంట్లో ముందే చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. పెదనాయన కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పెదనాయన నెత్తి కొట్టుకున్నాడు.

"సారీ అంటే ఏం పోతాది పాపా? నేను కొండ మింద పొద్దున లేచినకాడి నుంచి అంగడికొచ్చినోడికల్లా దండం పెడతాను. అరిగిపోయినానా? కరిగిపోయినానా? ఇదో, లచ్చణంగా ఉండాను."

నాయన ఉత్తరీయం మడత పెడుతున్నాడు. "నువ్వు పెట్టన్నా. అది పెట్టదు" అన్నాడు.

"అట్లయితే నా మాట గూడా మాటే. ఏడు పోతే ఇంటికే."

"ఆ ఒప్పందం నాకు గుర్తుండాది పెదనాయనా. నేనేమీ తగ్గించమని అడగలేదు" అన్నాను.

నాయన నా వైపు తిరిగాడు. "నీది రైటా?"

"రైటే నాయనా."

"అయితే అన్నం తిను."

జేజి కంచం పెట్టింది. ఆ మధ్యాహ్నం ఇంకెవరూ దాని గురించి మాట్లాడలేదు. నేను కడుపునిండా తిన్నాను.

సోమవారం సార్ క్లాసుకు వచ్చి హాజరు తీసుకోలేదు. నేరుగా నల్లబల్ల దగ్గరికి పోయి మొరవ ప్లాను గీశారు, స్కేలు లేకుండా. ఎడమ వైపు చెరువు అని రాశారు. రాళ్ళు కుడి వైపు వేశారు. చాక్‌పీసు దించి మా వైపు తిరిగారు.

"మోడల్ షీట్లో పొరపాటుండాది. నేను చూసుకోలేదు. అందురూ రెండో షీటు మళ్ళా గీయండి. హాస్టల్లో కాదు. హాల్లో, నా ఎదర."

నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడనూ లేదు. క్లాసంతా మాత్రం నా వైపే చూసింది. ఆయన గదిలో ఏం జరిగిందో నేను ఒక్కరికి కూడా చెప్పలేదు, కానీ ఆ చూపులకు జవాబుగా ఆ మాట చెప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు.

ఆ రోజే క్లాసు రెప్రజెంటేటివ్ మళ్ళీ వచ్చాడు. "జరిగిందేదో జరిగిపోయిందండీ. మీ షీటు ఒక్క పూట ఇస్తే సాలు. అద్దం మింద పెట్టి లైటుగా గీతలు దించుకొని, హాల్లో ఆయన ఎదర గట్టిగా దిద్దుతాము. ఆయనకు తెలీదు."

ఒక్క క్షణం వాడు నిజంగానే అడుగుతున్నాడా అని చూశాను. నిజంగానే అడుగుతున్నాడు.

"షీటు సార్ దగ్గరుండాది. నా దగ్గరున్నా ఇయ్యను. కొలతల కాగితం కావాలంటే తీసుకోండి."

"కాగితం మా దగ్గరా ఉండాది" అన్నాడు వాడు కష్టపెట్టుకొని.

"అయితే గీయండి."

నా రూమ్మేటుకు కూడా ఇవ్వనన్నాను. ఎక్కడైనా తెలియకపోతే చెబుతానన్నాను. అది ఏమీ అడగలేదు. పక్క పక్క మంచాల మీద పడుకొని కూడా పరీక్షలయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నాకు బాధ కలిగింది. షీటు ఇచ్చి ఉండాల్సిందని మాత్రం అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

ఆ వారం డ్రాయింగ్ హాలు నిండింది. అంతకు ముందు నేను ఒంటరిగా నిలబడిన చోట బోర్డులు దొరకక కొట్టుకున్నారు. గీతలు గీసే డ్రాఫ్టర్‌ను బోర్డుకు బిగించడం కూడా చేతకానివాళ్ళు ఉన్నారు. ఒకడు రాళ్ళు ఎటు వేయాలని పక్కవాడిని అడిగాడు. పక్కవాడు కాసేపు ఆలోచించి, "నీళ్ళు యాడ పడతాయో ఆడ" అన్నాడు. విననట్టు నా పని నేను చూసుకున్నాను.

హాల్ టికెట్ల ఆఖరి రోజున సార్ అందరి షీట్లూ చూసి సంతకాలు పెట్టారు. నా షీటు ఆయన బల్ల మీద అడుగున ఉంది. అందరూ అయిపోయాక దాన్ని పైకి తీశారు. నేను ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"సారీ అనే మాట ఇంకా రాలేదు."

"రాదు సార్."

"ఆ పొద్దు క్లాసంతా నన్ను చూసి నవ్వినారు."

"నవ్వించింది నేను కాదు సార్. నేను ఉండేది చెప్పినా."

"చెప్పే పద్ధతొకటి ఉంటాది."

ఆయన పెన్సిల్ తీసుకొని షీటు మూలలో పట్టుకొని, రాయకుండా నా ముఖంలోకి చూశారు.

"మార్కులు తగ్గిస్తా."

"తగ్గించండి సార్."

"ఎందుకు తగ్గినాయని రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పుకుంటావు?"

"సారీ చెప్పనందుకని చెప్తాను."

ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వో, కోపమో తెలియలేదు. సంతకం పెట్టారు. పక్కన మార్కులు వేశారు, పాసు కావడానికి చాలినన్ని, అంతకు మించి ఒక్కటి లేదు. థాంక్స్ చెప్పలేదు. షీటు చుట్టుకొని, ఆఫీసు మూసేలోగా చేరాలని వరండా వెంట నడిచాను. పరుగెత్తలేదు.

గుమాస్తా షీట్లన్నీ ఒక్కొక్కటే విప్పి సంతకాలు చూసుకుంటూ వచ్చాడు. మొరవ ప్లాను దగ్గర ఆగాడు. పెద్దాయన, జాలిగల మనిషి.

"బొమ్మ చూస్తే ముచ్చటగా ఉండాది. మార్కులేందమ్మా ఇంత తక్కువేసినాడు? సార్ ఇంకా పోయుండడు. పోయి మెల్లగా బతిమాలుకో పాపా. నాలుగు కలుపుతాడు. నేను కిటికీ మూయకుండా ఉంటాను."

"ఇవి సాలు" అన్నాను. "హాల్ టికెట్టు ఇయ్యండి."